మాజీ సైనికుడు ఆసుపత్రిలో అలజడి చేసినపుడు

2022 కు పూర్వము భారత సైన్యములో సిపాయిగా చేరినవాడు పదునైదు సంవత్సరముల సేవ ముగించినంతనే పింఛనునకు అర్హుడగును. అందుచేత జవానులలో పెక్కుమంది నలువది యేండ్లకు అటునిటుగా యూనిఫారము విడిచి స్వగ్రామములకు మరలుచున్నారు. వారిలో కొందరు సేద్యములోనికి దిగుదురు, కొందరు బ్యాంకులలో తుపాకి పట్టి కాపలాదారులుగా కుదురుదురు, కొందరు రొయ్యల చెరువుల కడ పర్యవేక్షణ చూచుకొందురు. సైన్యమున గడపినదానికంటె ఇంటివద్ద గడపవలసిన కాలమే వారికి ఎక్కువ. 1971 యుద్ధకాలమున ఇరువదేండ్ల పడుచువాడు నేడు డెబ్బది దాటిన వృద్ధుడు. 1987 నుండి 1990 వరకు శ్రీలంకలో శాంతిస్థాపక దళమున పనిచేసినవారును, 1999 లో కార్గిల్ కొండలెక్కినవారును నడివయస్సునకు వచ్చినారు, దాటినారు.

వీరికిని, వీరి కుటుంబములకును వైద్యము సమకూర్చుటకై మాజీ సైనికుల వంతు చెల్లింపు ఆరోగ్య పథకము 2003 ఏప్రిల్‌లో అమలునకు వచ్చినది. జనులు దీనిని ఇంగ్లీషు పొడి అక్షరములతో ఇ.సి.హెచ్.ఎస్. అని వ్యవహరించుచున్నారు. పాలీక్లినిక్‌లో వైద్యుడు పరీక్షించి మందులిచ్చును. అవసరమైనపుడు, పథకమున చేరిన ఆసుపత్రులకు రిఫరల్ కాగితము వ్రాసి పంపును. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలముల తీరగ్రామముల వారు ఇందునిమిత్తము నెల్లూరు పట్టణమునకు వచ్చుచుందురు.

ఏర్పాటు మంచిదే. ఐనను, ఈ విధమైన వైద్యశాలలన్నిటియందును ఒక చిక్కు అప్పుడప్పుడు తలయెత్తుచున్నది. రోగి గట్టిగా కేకలు వేయుట, బల్ల గ్రుద్దుట, నర్సును దుర్భాషలాడుట, ఒక్కొక్కమారు చేయి చేసికొనుట. ఆ రోగి మాజీ సైనికుడైనపుడు చూచువారు రెండు విధములుగా తప్పుదారి పట్టుదురు. కొందరు “మిలిటరీ తలపొగరు” అని పేరుపెట్టి బయటకు గెంటింతురు. మరికొందరు “దేశసేవ చేసినవాడు, పోనిండు” అని చూచియు చూడనట్లుందురు. మొదటి దానివలన రోగి మరునాటినుండి వైద్యశాల మొగము చూడడు, వ్యాధి ముదురును. రెండవ దానివలన, చాలీచాలని జీతమునకు ఒప్పంద పద్ధతిపై పనిచేయుచున్న ఆడకూతురు దినదినము భయముతో కొలువునకు రావలసివచ్చును. నర్సును తిట్టనిచ్చుట సైనికుని గౌరవించుట యెట్లగును?

ఈ రెండు దారులకు నడుమ మూడవది యొకటి కలదు. దానిని సాంఘిక కార్యకర్తలు దాదాపు నూరేండ్లుగా తీర్చిదిద్దుకొనుచు వచ్చినారు.

కోపము వెనుక కారణము

మైపాడు దిక్కునుండి నెల్లూరు వచ్చు ఒక డెబ్బదియేండ్ల హవల్దారు గారిని ఊహింతము. ఆయనకు మధుమేహము. రక్తపరీక్షకు పరగడుపున రమ్మనిరి. అన్నము తినలేదు గాని, అలవాటు చొప్పున మాత్ర మాత్రము వేసికొని మొదటి బస్సెక్కెను. రక్తము తీసికొనుటలో ఆలస్యమైనది. పదునొకండు గంటలకు మందుల కిటికీ వద్ద గుమాస్తా తల యెత్తకయే “ఆ మందు స్టాకులేదు” అనెను. ఫిరంగి చప్పుళ్లకు చెవులు చెడిన హవల్దారు గారికి వినిపించలేదు. రెండవసారి అడిగెను. గుమాస్తా కసరెను. అంతట పెద్దాయన చెమటలు గ్రమ్మి, చేతులు వణకుచుండగా, కిటికీ తలుపు విసరికొట్టి నోటికి వచ్చినట్లు తిట్టనారంభించెను.

అచటనున్న పదిమందిలో తొమ్మండుగురు ఆయన త్రాగి వచ్చినాడనియే తలతురు. నిజమునకు ఆయన రక్తములో చక్కెర పడిపోయినది. అట్టి వేళ చెమట, వణకు, చికాకు, తికమక మాటలు సహజలక్షణములు. రోగి స్పృహలో ఉండి మ్రింగగల స్థితిలో నున్నచో మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీరు త్రాగించి, వెంటనే వైద్యునికి చూపవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. 108 వాహనమును పిలువవలెను.

కోపమునకు ఇట్టి కారణములు ఇంకను గలవు. ముసలితనమున మూత్రకోశమునకు అంటువ్యాధి సోకిన, నిన్నటివరకు నెమ్మదిగానున్న మనుష్యుడు ఒకటి రెండు దినములలో దిక్కుతెలియక కలవరించి, మీదపడవచ్చును. మతిమరపు వ్యాధి ఆరంభమైనవానికి క్రొత్త ముఖములు, క్రొత్త గదులు భయము గొల్పును. తలకు పూర్వము తగిలిన గాయము, తీరని నొప్పి, నిద్రలేమి, వినికిడి లోపము మనిషిని ముక్కోపిని చేయగలవు. వినికిడి సంగతి చిన్నదని తోచును గాని, సగము తగవులు అచటనే పుట్టునని ఈ వ్యాసకర్త అభిప్రాయము. చెవిటివాడు తాను అరచుచున్నట్లు తానెరుగడు. ఎదుటివాడు దానిని దబాయింపుగా తలచును.

యుద్ధము మనస్సులో విడిచిపోయిన గాయము వేరొకటి. మొదటి ప్రపంచ యుద్ధమున దీనిని ‘షెల్ షాక్’ అనిరి; 1915 లో చార్లెస్ మయర్స్ అను బ్రిటిష్ వైద్యుడు ఆ పేరుతో వైద్యపత్రికలో వ్రాసెను. నాడు పెక్కుమంది దానిని పిరికితనముగా ఎంచిరి. 1980 లో అమెరికా మనోవైద్యుల సంఘము దానిని ప్రత్యేక వ్యాధిగా తమ పట్టికలో చేర్చినది. పీడకలలు, చిన్న శబ్దమునకే అదరిపడుట, గుంపులకు దూరముగా తొలగుట, ఉన్నట్టుండి రేగు క్రోధము దీని గుర్తులు. దీపావళి టపాకాయలు, పెండ్లి ఊరేగింపులోని ఔటులు, శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు చుట్టుప్రక్కల పల్లెలలో వినిపించు ఉరుము వంటి ధ్వని ఇట్టివానిని కలతపెట్టవచ్చును. వెనుకనుండి వచ్చి భుజముపై చేయివేసిన మిత్రుని కూడ అతడు తెలియక కొట్టవచ్చును. అది పగ కాదు. శరీరము నేర్చిన పాత పాఠము.

సాంఘిక కార్యకర్త చేయు పని

వైద్యుడు నాడి చూచును. సాంఘిక కార్యకర్త ఇల్లు చూచును. ఈ వృత్తికిని సైనికులకును సంబంధము పాతది. 1918 లో అమెరికాలోని స్మిత్ కళాశాలలో, యుద్ధమున మనస్సు చెదరిన సైనికులకు తోడ్పడుటకై, మనోవైద్య సాంఘిక కార్యకర్తలకు తొలి శిక్షణ తరగతులు జరిగినవి. 1926 లో ఆ దేశపు మాజీ సైనికుల శాఖ 36 మంది కార్యకర్తలతో సాంఘిక సేవను స్థాపించినది. మన దేశమున సాంఘిక సేవా విద్యకు 1936 లో బొంబాయిలో టాటా వారి పాఠశాల ఆరంభమైనది.

మన ప్రాంతమునకు దగ్గరనున్న యొక ఉదాహరణ మరింత ఉపయోగకరము. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రము 1957 లో ఏర్పడినది. నెల్లూరు జిల్లానుండి వేలూరు వెళ్లి వైద్యము పొందినవారికి అచటి పద్ధతి తెలిసియే యుండును: రోగితోపాటు బంధువొకరు ఉండవలెను. అంతకు పూర్వమే అమృతసరమున డాక్టరు విద్యాసాగర్ గారు ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి, కుటుంబములను రోగులతో కలిపి ఉంచిరి. ఇంటివారు చికిత్సలో భాగస్వాములైనచో రోగి శాంతించుననుట ఈ దేశమున అనుభవముచే తేలిన విషయము.

అలజడి అణగిన పిమ్మట కార్యకర్త రోగితో ఏకాంతముగా కూర్చుండి మాటలాడును. ఎప్పటినుండి ఇట్లున్నది? రాత్రి నిద్ర యెట్లున్నది? పింఛను ఎవరు తెచ్చుచున్నారు, ఎవరి చేత ఉన్నది? కుమారులతో పొత్తు కుదిరినదా? త్రాగుడు ఎంత? ఆసుపత్రిలో ఏ మాట, ఏ జాప్యము మనస్సును నొప్పించినది? తదుపరి భార్యను వేరుగా అడుగును, ఏలననగా ఆమె భర్త యెదుట అన్నియు చెప్పలేదు. వీలైనచో ఇంటికి పోయి చూచును. తరచుగా తేలునది ఏమనగా, ఆ తగవునకు మూలము ఆసుపత్రిలో లేదు. సైన్యములో ఇరువదిమందికి ఆజ్ఞ యిచ్చినవాడు ఇంటిలో కోడలి చేత కాఫీ కొఱకు కనిపెట్టుకొని యుండవలసిన స్థితికి వచ్చినాడు. కార్డుపై భార్య పేరు తప్పుపడినదని మూడుమార్లు తిరిగినాడు. నాల్గవమారు అరచినాడు.

పాలీక్లినిక్ సిబ్బందిలో వైద్యులు, నర్సింగు సహాయకులు, ఫార్మసిస్టు, గుమాస్తాలు ఉందురు. సాంఘిక కార్యకర్త సామాన్యముగా ఉండడు. ఇది లోటే. అంతవరకు ఈ భారమును పాలీక్లినిక్ అధికారియు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును, గ్రామమందలి మాజీ సైనికుల సంఘమును పంచుకొనవలసియున్నది. 1996 లో దేశమున నాలుగు జిల్లాలలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. వానిలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. ఆ కార్యక్రమపు బృందములో మనోవైద్య సాంఘిక కార్యకర్తకు స్థానము కల్పించిరి. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని మనోవైద్య విభాగము దగ్గరిది. సుమారు 600 కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణములోనున్న మానసిక వైద్యశాలకు ముందుగనే పరుగెత్తనక్కరలేదు.

కేక వినబడిన క్షణమున

ఒక్కరే మాటలాడవలెను. నలుగురు నాలుగు దిక్కులనుండి బుద్ధులు చెప్పిన మంట పెరుగును. ఎదుటికి వచ్చి, రెండు చేతుల దూరమున నిలచి, హోదాతో పిలువవలెను: “సుబేదారు గారూ, కూర్చోండి. ఏం జరిగిందో నాకు చెప్పండి, రాసుకుంటాను.” ఈ చిన్న పిలుపునకు గల బలము ఆశ్చర్యకరము. ఇరువదేండ్లు ఆ పేరున జీవించినవాడు దానికి తగినట్లు నడచుకొనజూచును. ద్వారమునకు అడ్డము నిలువరాదు. రోగికిని, మాటలాడువారికిని బయటపడు దారి ఉండవలెను. వెనుకనుండి పట్టుకొనరాదు. గుంపును తొలగింపవలెను; ఫోనులో బొమ్మ తీయువారిని ముందుగా తొలగింపవలెను. ఎంతసేపు పట్టునో నిజము చెప్పవలెను. గంట పట్టు పనిని “అయిదు నిమిషములు” అనుట తగవునకు విత్తు నాటుటయే.

చేతిలో కత్తియో కఱ్ఱయో ఉన్నపుడు మాటలకు దిగరాదు. మిగిలినవారిని దూరముగా తప్పించి 112 కు తెలుపవలెను.

వైద్య సిబ్బందిపై చేయిచేసికొనుట నేరము. ఇందుకై ఆంధ్రప్రదేశ్‌లో 2008 లో ప్రత్యేక చట్టము వచ్చినది. దాని ప్రకారము మూడు సంవత్సరముల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. చట్టమును ఉపయోగించుట తప్పు కాదు. కాని చక్కెర పడిపోయినవానిపై కేసు పెట్టి తృప్తిపడుట వైద్యము కాదు.

మరల వచ్చునపుడు ఎట్లు?

అసలు ప్రశ్న ఇది. ఒకసారి అలజడి చేసిన రోగి రెండవసారి వచ్చునపుడు గుమాస్తా గుండె దడదడలాడును. రోగికిని సిగ్గు, అనుమానము. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరపు మాజీ సైనికుల ఆసుపత్రిలో, హింసకు పాల్పడిన కొందరు రోగుల వైద్యపత్రములపై హెచ్చరిక గుర్తు ఉంచి, వారు వచ్చినపుడు సిబ్బంది ముందే సిద్ధముగా నుండు ఏర్పాటు చేసిరి. 1989 లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఆ రోగుల వలని హింసాసంఘటనలు నూటికి 90 కి పైగా తగ్గినవి. 2010 లో ఆ దేశము నియమమొకటి చేసినది. మాజీ సైనికుడు అలజడి చేసినాడను కారణమున వైద్యము నిరాకరింపరాదు. కాని ఏ వేళ, ఏ చోట, ఏ విధముగా వైద్యము చేయవలెనో ఆసుపత్రి నిర్ణయింపవచ్చును.

ఈ సూత్రము మన పాలీక్లినిక్‌కు, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కూడ పనికివచ్చును. ఖర్చు లేదు. ఒక కాగితముపై వ్రాసికొనవచ్చును: ఫలానా వారు మంగళవారము ఉదయము తొమ్మిదికి వత్తురు, రద్దీ తక్కువగా నుండును, వెంట భార్యగాని, సంఘమునుండి తోటి మాజీ సైనికుడుగాని ఉండును, రక్తపరీక్ష ముందుగా చేయుదురు, మందు లేనిచో ముందురోజే ఫోనులో తెలుపుదురు, దుర్భాషలాడినచో ఆనాటికి పని ఆపి, మరునాడు రమ్మందురు. ఇరుపక్షములవారు సంతకము చేయుదురు. మూడు నెలలకు మరల చూచి, అవసరము లేనిచో చింపివేయుదురు. ఈ చింపివేయుట ముఖ్యము. లేనిచో హెచ్చరిక గుర్తు ముద్రగా మారును. క్రొత్తగా వచ్చిన నర్సు మనిషిని చూడకమునుపే గుర్తును చూచి జంకును. ఆ భయము రోగి కనిపెట్టును.

త్రాగుడు

ఈ విషయమున నెల్లూరు జిల్లా ఆడపడుచులకు ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. 1992 లో దూబగుంట గ్రామమునుండి లేచిన సారా వ్యతిరేక ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసినది. మాజీ సైనికునికి క్యాంటీనునుండి నెలసరి మద్యపు వాటా లభించును. కొందరు దానిని మితముగా వాడుకొందురు, కొందరికి అది వ్యసనమగును.

ఇచట తెలిసికొనవలసినది, పెక్కుమందికి తెలియనిది, ఒకటి కలదు. దినదినము అధికముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో ఆరు గంటలు మొదలుకొని ఒక దినములోపల వణకు, చెమట, ఆందోళన మొదలగును. మూర్ఛలు రావచ్చును. రెండవ, మూడవ దినములలో లేనివి కనబడుట, దిక్కుతెలియక పెనగులాడుట సంభవింపవచ్చును. ఇది ప్రాణాపాయము. కాలు విరిగి ఆసుపత్రిలో చేరినవాడు మూడవనాటి రాత్రి మంచముపైనుండి దూకి నర్సును కొట్టినచో, కుటుంబము సిగ్గుపడి దాచిపెట్టిన త్రాగుడే దానికి కారణమై యుండవచ్చును. చేర్చునపుడే వైద్యునికి నిజము చెప్పినచో దానికి మందు కలదు. గదిలో పెట్టి తాళము వేసి మాన్పించుట మందు కాదు.

ఇంటివద్ద

గొలుసులతో కట్టివేయుట నేడు చట్టవిరుద్ధము. 2001 ఆగస్టు 6 న తమిళనాడు తీరమున ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన మానసిక రోగులు అగ్నిప్రమాదమునుండి తప్పించుకొనలేకపోయిరి. 28 మంది మరణించిరి. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఏ రూపమునను గొలుసు వేయరాదని చెప్పుచున్నది. ఆసుపత్రిలో కట్టి ఉంచుట కూడ, రాబోవు ప్రమాదమును నివారించుటకు వేరు మార్గము లేనపుడు మాత్రమే, మనోవైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపే చేయవచ్చును. శిక్షగా చేయరాదు. కసుమూరు, ఎ.ఎస్.పేట దర్గాలకు మ్రొక్కుకొనిపోవు కుటుంబములు మన జిల్లాలో మెండు. మ్రొక్కు మానుకొమ్మని ఎవరును కోరరు. పోవునపుడు మందుల సంచి వెంటబెట్టుకొని పోవలెను.

బ్యాంకు కాపలా ఉద్యోగము చేసిన ఇండ్లలో లైసెన్సు తుపాకి ఉండవచ్చును. యజమాని నిద్రలేక, మాటిమాటికి రేగుచు, “నేనుండి ఏం లాభం” అని పలుకుచున్నచో, ఆ తుపాకి ఇంటిలో ఉండరాదు. లైసెన్సు కాగితముతో పోలీసు స్టేషనునందో, లైసెన్సు గల వ్యాపారి వద్దనో అప్పగింపవచ్చును. ఇందు అవమానము లేదు. సైన్యములో కూడ పని లేనపుడు ఆయుధము కోతులోనే ఉండును. ఈ మాట ఆయనకు ఇంటివారికంటె తోటి సైనికుడు చెప్పిన చక్కగా రుచించును.

2022 అక్టోబరు 10 న ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులో మాటలాడుదురు. రోగియే చేయవలెనను నియమము లేదు, భార్యయో కుమారుడో చేసి సలహా అడుగవచ్చును.

మరియొక పని నెమ్మదిగానున్న దినముననే చేసికొనదగినది. తాను తెలివితప్పి యుండునపుడు తన తరఫున మాటలాడుటకు ఎవరు కావలెనో రోగియే ముందుగా నియమించుకొను హక్కును పైచట్టము ఇచ్చినది. స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్లకాగితముపై ఆ వ్యక్తి పేరు వ్రాసి సంతకముగాని, వ్రేలిముద్రగాని వేసిన చాలును. ఆ కాగితమును ఇ.సి.హెచ్.ఎస్. కార్డు, డిశ్చార్జి పుస్తకము, వాడుచున్న మందుల చీటీలతో కలిపి ఒకే సంచిలో ఉంచి, ఆ సంచి ఎచటనున్నదో ఇంటిలో ఇద్దరికి తెలియజేయవలెను.